మూడో వరసలో కూర్చున్నాయన

ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు. ఫోను చేతిలో ఉన్న ప్రతివాడూ ఒక ఛానెల్ పెట్టడం, ఛానెల్ పెట్టిన ప్రతివాడూ లోకానికి సలహాలు చెప్పడం అప్పటికే బాగా అలవాటైపోయింది. ఇంజనీరింగ్ పూర్తి చేసి ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నాకూ ఆ గాలి సోకింది. ఒంగోల్లో ఒకాయన కార్లను పరీక్షించి చూపించే వీడియో ఛానెల్ నడిపేవాడు. ఆయన కెమెరా పట్టుకుంటాడు, నేను కారు పక్కన నిలబడి మాట్లాడతాను, అదీ ఉద్యోగం. (ఆయన్ని అందరూ ఛానెలన్న అనేవాళ్ళు. అగరొత్తి పుల్లలా ఉండేవాడు. ఈదురుగాలి వచ్చినప్పుడు ఆయన్ని నేల మీద నిలిపేది ఆ కెమెరా బరువేనని నా నమ్మకం.) కారు కొనే స్తోమత ఆయనకీ లేదు, నాకూ లేదు. అయినా ఏ కారు ఎవరు కొనాలో, ఎవరు కొనకూడదో ఇద్దరం కలిసి మొహమాటం లేకుండా తేల్చిపారేసేవాళ్ళం. వంట రానివాళ్ళే కదా కూరలో ఉప్పు తక్కువైందని ముందుగా కనిపెట్టేది.

ఆ ఉద్యోగంలో చేరాక నా భాష పూర్తిగా పాడైపోయింది. టార్క్, బాడీ రోల్, అండర్ థై సపోర్ట్ లాంటి మాటలు లేకుండా అన్నం కూడా అడగలేకపోయేదాన్ని. ఒకసారి మా పెదత్త మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంటుంటే, "ఈ సోఫాకి అండర్ థై సపోర్ట్ తక్కువ అత్తా" అన్నాను. అదేమిటని అడిగింది. తెలుగులో విడమరిచి చెప్పాను. పక్కనే పేపరు చదువుతున్న పెదమావయ్య పేపరు దించకుండానే "ఆడపిల్లవి, పెద్దోళ్ళ ముందు ఆ తొడల గోల ఏందే?" అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం నా పాండిత్యానికి మా ఇంట్లో అంతకు మించిన గౌరవం దక్కలేదు.

కాబట్టి మా అమ్మ అన్నదమ్ములిద్దరూ కలిసి ఏడు సీట్ల పెద్ద బండి ఒకటి కొనాలనుకుని, "నువ్వు బాగుందంటేనే కొంటాం" అని నాకే కబురు పెట్టినప్పుడు నేను ఎంత పొంగిపోయానో వేరే చెప్పక్కర్లేదు. పొదిలి అవతల వాళ్ళ ఊరు. పెదమావయ్యది మిరప, పత్తి సేద్యం. చినమావయ్య ఉద్యోగస్థుడే అయినా కాపురం మాత్రం ఒకే ఇంట్లో. ఛానెలన్నకి ఈ కబురు వినగానే బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. "అందరూ ఖాళీ కారు చూపిస్తున్నారమ్మా. మనం నిజం కుటుంబాన్ని ఎక్కించి చూపిద్దాం. పొద్దున షోరూము వాళ్ళ బండి తీసుకుని మీ ఊరు వెళ్దాం, సాయంత్రానికి అందరినీ ఎక్కించుకుని చీమకుర్తి మీదుగా షోరూముకి వచ్చేద్దాం" అన్నాడు. సరేనన్నాను. నిజం కుటుంబం అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు కదా.

ఇక్కడ మా కుటుంబంలోని ఒక చిక్కు చెప్పాలి. చినమావయ్య చీమకుర్తిలో పని చేసే రోజుల్లో, అక్కడి చర్చిలో పాటలు పాడే అమ్మాయిని ఇష్టపడి, ఆ చర్చిలోనే పెళ్ళి చేసుకున్నాడు. పెదమావయ్య కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని, తర్వాత మరదలి చేతి చేపల పులుసు తిని మెత్తబడ్డాడు. చిన్నత్తతో గొడవ అక్కడితో తీరిపోయింది. తీరనిది ఆవిడ అన్నగారితోనే. ఆయనకి చీమకుర్తిలో టెంట్‌హౌస్ ఉంది. భారీ మనిషి, మంచి మనిషి. నెలకోసారి మేనకోడల్ని చూడటానికి పళ్ళు పట్టుకుని వచ్చేవాడు. న్యాయంగా అయితే పెదమావయ్యకి ఆయన బావ వరస. కానీ ఆ వరస కలిపి పిలవడానికి పెదమావయ్య నోరు పెగిలేది కాదు. పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదు, బావా అంటే పంతం పోతుంది. అందుకని అసలు ఏ పిలుపూ లేకుండానే సంవత్సరాల తరబడి నెట్టుకొచ్చాడు. తెలుగు భాషకి ఇంత సౌలభ్యం ఉందని నాకు అప్పుడే తెలిసింది. "వచ్చారా? ప్రయాణం బాగానే జరిగింది కదా?" అని గోడకున్న గడియారంతో అనేవాడు. "ఆ స్తంభం పక్కన కూర్చున్నాయనకి మజ్జిగ ఇవ్వండి" అని వంటింటి వైపు కేకేసేవాడు. (మా తరం 'అంకుల్' అనే మాట దయవల్ల బతికిపోయింది. పెదమావయ్యకి ఆ వెసులుబాటు లేదు.)

ఇన్నాళ్ళూ అలా గడిచిపోయిందిగానీ ఇప్పుడు అసలు సమస్య వచ్చిపడింది. చిన్నత్త కూతురికి చెవులు కుట్టించాలి. పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించడం మా వైపు ఆనవాయితీ. ఉన్న ఒక్క మేనమామా ఈయనే. ఇంటి పెద్ద నోరారా పిలవాలి, పిలవాలంటే వరస కావాలి. ఆ పూట నేను బండి తీసుకుని వెళ్ళేసరికి ఆయన కూడా అక్కడే ఉన్నాడు. చిన్నత్త నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "మా అన్నయ్య నోరు తెరిచి ఏమీ అడగడే. ఎవరి ఒళ్ళో కూర్చోబెడతారో మీ పెదమావయ్య ఇంతవరకూ మాటవరసకైనా అనలేదు. పిలవకపోతే మళ్ళీ ఈ గడప తొక్కుతాడంటావా?" అంది. నాకు జాలేసింది. కానీ నా బుర్ర నిండా అప్పుడు బండే ఉంది. "చూద్దాంలే అత్తా" అని వచ్చేశాను.

వాకిట్లో బండి చుట్టూ ఊరు సగం చేరింది. ఛానెలన్న కెమెరా తిప్పుతున్నాడు. నేను గొంతు సవరించుకుని, ముందు సీట్ల గురించి, మధ్య వరస గురించి ధారాళంగా చెప్పి, చివర్లో చేయి చాచి, "ఇక అసలు సంగతి మూడో వరస! ఈ కుటుంబంలో ఈ వరసకి ఎవరు తగినవాళ్ళో ఇప్పుడు తేల్చేద్దాం" అన్నాను. నా దృష్టిలో అది సీట్ల సంగతి. వాకిట్లో ఉన్న మిగతా అందరి దృష్టిలో కాదు. అన్ని తలలూ ఒక్కసారిగా టెంట్‌హౌస్ ఆయన వైపు తిరిగాయి. చిన్నత్త తల దించుకుంది. పెదమావయ్య బండి టైరు వంక అదేదో కొత్త వింత అయినట్టు చూస్తూ ఉండిపోయాడు. పెదత్త నా చెవి దగ్గరకొచ్చి, "నీకింకో మాటే దొరకలేదటే, నోరుగలదానా!" అని పళ్ళు కొరికింది.

కాపాడింది ఆ టెంట్‌హౌస్ ఆయనే. "నేను కూర్చుంటాలేమ్మా వెనకాల. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ కుర్చీలేసేవాణ్ణి, నాకెప్పుడూ చివరి వరసే" అని నవ్వుతూ లోపలికి దూరాడు. దూరాడు అని మూడక్షరాల్లో తేల్చి రాస్తున్నానుగానీ, అది కళ్ళారా చూడాల్సిన వ్యవహారం. ముందు కాలు, తర్వాత తల, తర్వాత మళ్ళీ కాలు బయటికి, ఈసారి రెండో కాలు. చివరికి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, చాలా బాగుందన్నాడు. ఆయన పక్కన మిగిలిన కాస్త సందులో ఛానెలన్న కెమెరాతో సహా ఇమిడిపోయాడు. మధ్యలో పెదత్త, పాపని ఒళ్ళో పెట్టుకుని చిన్నత్త, చినమావయ్య. ముందు పెదమావయ్య. నడిపేది నేను.

బయల్దేరబోతుంటే పెదమావయ్య ఆగమన్నాడు. "మనుషులెక్కితే సరిపోద్దా? డిక్కీలో ఒక్క టిక్కీ అయినా పట్టకపోతే అదేం బండి?" అన్నాడు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయలు తొక్కి మూతి కుట్టిన గోతం. ఒంగోల్లో ఉన్న పెదత్త చెల్లెళ్ళకి ఏడాది కారానికి ఎలాగూ పంపాలట. ఇద్దరు మనుషులు భుజాలు వేసి తోస్తే, మూడో వరస వీపుకీ వెనక తలుపుకీ మధ్య అది కూర్చుంది. ఏ ఛానెల్ వాళ్ళూ చేయని పరీక్ష కదా అని నేనూ మురిసిపోయాను.

పొదిలి దాటేదాకా అంతా సాఫీగానే నడిచింది. వెనక ఆయనకి చెమటలు పడుతున్నాయంటే ఏసీ పూర్తిగా తిప్పేశాను. బయటి గాలి రాకుండా మీట కూడా నొక్కాను. అద్దాలన్నీ బిగించి, "గమనించండి, లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందో" అన్నాను. చీమకుర్తి దగ్గర పడేకొద్దీ రాళ్ళ లారీలు, ఆ లారీలు తొక్కితొక్కి పెట్టిన గుంతలు మొదలయ్యాయి. తెలివైన వాళ్ళు గుంత తప్పిస్తారు. నేను మాత్రం, "ఇప్పుడు సస్పెన్షన్ సంగతి చూద్దాం" అని ప్రకటించి, అన్నిటిలోకీ ఘనమైన గుంతని ఎంచుకుని అందులోకి దించాను.

సస్పెన్షన్‌కి ఏమీ కాలేదు. టిక్కీ మూతి పట్‌మని ఊడింది. లోపలి దుమ్ము లేచింది, ఏసీ దాన్ని పీల్చి చక్కగా అందరికీ సమానంగా పంచిపెట్టింది. మొదట పెదత్త తుమ్మింది. ఆ తర్వాత ఎవరు ఎవరి మీద తుమ్మారో చెప్పలేను. ఎలాగో బండి పక్కకి ఆపాను. తలుపులు తెరుచుకుని అందరం రోడ్డు మీద పడ్డాం. పాప కేకలు, దగ్గులు, కళ్ళ నిండా మంటలు. ఛానెలన్న సీట్ల సందులోంచి పాము జారినట్టు జారి బయటికి వచ్చేశాడు. (కెమెరా మాత్రం ఆపలేదు. వృత్తి ధర్మం.) లోపల మిగిలింది మూడో వరసలో ఆయనొక్కడే.

మధ్య సీటు మడిస్తేగానీ ఆయన బయటికి రాలేడు. ఒక్క మీట లాగితే సీటు ముందుకి మడుచుకుంటుందని పొద్దున్నే కెమెరా ముందు ఎంతో ఠీవిగా చూపించిన దాన్ని, ఇప్పుడు కళ్ళు కనబడక వేరే మీట లాగాను. సీటు ముందుకి మడుచుకోవడానికి బదులు వెనక్కి వాలి ఆయన మోకాళ్ళ మీద పడుకుంది. ఆయన దగ్గు ఆగడం లేదు. చిన్నత్త గుండెలు బాదుకుంటూ, "అక్కా, మా అన్నయ్యకి ఆయాసం ఉందక్కా! ఎవరన్నా చూడండి!" అని అరిచింది. ఒక్క క్షణం నిజంగా భయపడ్డాను.

అప్పుడు పెదమావయ్య నన్ను పక్కకి తోసి లోపలికి వంగాడు. "ఏవండీ... ఇదుగో..." అన్నాడు. లోపలి నుంచి దగ్గు తప్ప జవాబు లేదు. "ఇటు... మిమ్మల్నే... ఇటు చూడండి..." ఉన్న సౌలభ్యాలన్నీ అయిపోయాయి. అంత పెద్ద భాషలోనూ ఇక ఒకే ఒక్క మాట మిగిలింది.

"బావా! ఓ బావా! నా చెయ్యి పట్టుకో బావా! తల వంచు, ఆ... ఇట్టా రా! ఒరేయ్, మీరిద్దరూ ఆ సీటు లాగండ్రా, మా బావ ఊపిరాడక చస్తుంటే చూస్తా నిలబడ్డారేందిరా!"

లాగాం. ఆయన బయటపడ్డాడు. రోడ్డు పక్క బడ్డీకొట్టులో గోలీసోడా తాగించి, ఆయన జేబులోంచి ఆయాసం మందు తీసి పీల్పించాక ఊపిరి కుదుటపడింది. అందరం అక్కడే బల్లల మీద కూలబడ్డాం. మిరపకాయ చేసిన మేలేమిటంటే, ఆ పూట ఎవరి కన్నీళ్ళకీ ఎవరూ కారణం అడగలేదు. కాసేపటికి పెదమావయ్య కండువాతో ముఖం తుడుచుకుని, ఈసారి గడియారమూ స్తంభమూ అందుబాటులో లేవు కాబట్టి, ఎదుటి మనిషి ముఖంలోకే చూస్తూ, "పాపకి చెవులు కుట్టియ్యాలి బావా. నీ ఒళ్ళోనే కూర్చోబెట్టాలి. మంచిరోజు చూసి చెప్తా, నువ్వు రావాలి" అన్నాడు.

ఆయన సోడా సీసా కింద పెట్టి, "ఆ మాట కోసమే చూస్తన్నా బావగారూ. తప్పకుండా వస్తా" అన్నాడు. తర్వాత బండి వైపు ఓసారి చూసి, "కాకపోతే బస్సులో వస్తా" అన్నాడు.

ఆయన్ని చీమకుర్తిలో ఇంటి దగ్గర దింపి, మేం తుమ్ముకుంటూ షోరూము చేరాం. అక్కడి కుర్రాడు తలుపు తీసి, గాలి పీల్చి, రెండడుగులు వెనక్కి వేసి, అయినా నవ్వు చెరగనీయకుండా, "ఎలా ఉంది సార్ వెహికల్? మీ ఫ్యామిలీకి సరిపోతుందా?" అని అడిగాడు. నేను నా అభిప్రాయం చెప్పడానికి గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. పెదమావయ్య ఎర్రటి కళ్ళతో బండిని చివరిసారి ఎగాదిగా చూశాడు.

"బండి బానే ఉందయ్యా. మా బావ పట్టడు" అన్నాడు.

కుర్రాడు మా అందరినీ ఒక్కొక్కరిగా చూసి, "బావగారు ఎవరు సార్?" అన్నాడు. "ఇక్కడ లేడులే, ఇంటికెళ్ళాడు. ఆయన పట్టని బండి మాకెందుకు?" అంటూ పెదమావయ్య నడిచి వెళ్ళిపోయాడు. చిన్నత్త పాపని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని, "ఇక్కడ కూడా ఘాటుగానే ఉందే" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. షోరూములో సెంటు వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఆ ఉద్యోగం ఎక్కువకాలం సాగలేదు. టెంట్‌హౌస్ ఆయన నాకు అంకుల్ నుంచి బాబాయిగా మారాడు. ఆ వీడియో మాత్రం ఇంకా ఉంది. గుంత దాకానే ఉంది, మిగతాది పెట్టొద్దని ఛానెలన్నని నేనే బతిమాలుకున్నాను. ఎప్పుడైనా తోచనప్పుడు పెట్టుకుని చూస్తాను. వాకిట్లో బండి పక్కన జుట్టు తిన్నగా దువ్వుకున్న ఒక పిల్ల చేతులు తిప్పుతూ తెగ మాట్లాడుతూ ఉంటుంది. "మూడో వరస గురించి నా తుది తీర్పు చివర్లో చెప్తాను, చూస్తూనే ఉండండి" అంటుంది. నేను నవ్వుకుంటూ చూస్తూనే ఉంటాను. పాపం, చివరిదాకా చెప్పదు. అప్పటికి దానికేమీ తెలియదు.