రెండు ఫోన్ల మధ్య రజనీకుమారి పిన్ని

మా పక్క క్వార్టర్‌లో ఉండే రజనీకుమారి పిన్ని రిటైరైన నర్సు. అరవై నాలుగేళ్లు. మేముండే ఈ హిందీ ఊళ్లో ఉక్కు ప్లాంటులో చేసి దిగిపోయిన పెద్దవాళ్లకు స్కూటీ మీద ఇళ్లకు వెళ్లి ఇంజెక్షన్లు వేసి వస్తుంది. తేలిక చెయ్యి. సూది దిగిన సంగతి దూది పెట్టాక గాని తెలియదని నేనే సాక్ష్యం చెప్పగలను. ఎక్కడ దిగిందో మాత్రం చెప్పను.

పోయిన నెల నెహ్రూ నగర్‌లో ఓ కొత్త ఇల్లు వెతుక్కుంటూ దారి తప్పి, గంటన్నర ఆలస్యంగా ఇంటికొచ్చింది. అంతే, కొడుకు యుగంధర్, కోడలు ఛాయ తీర్పు చెప్పేశారు. హ్యాండిల్‌కి ఫోను బిగించుకుని అది చెప్పినట్టు నడపాలి, లేదా స్కూటీ తాళం ఇచ్చెయ్యాలి. తాళం పోతే పిన్ని ఇంట్లో కూర్చోవాలి. ఆ ఒక్క పనీ ఆవిడకు చేతకాదు.

ఎవరి ఫోను బిగించాలన్న దగ్గర మొగుడూపెళ్లాలకే పడలేదు. రెండూ వేరు వేరు కంపెనీలవి. ఎవరి ఫోనుతో పాటు వచ్చిన మ్యాపు వాళ్లకు గొప్ప.

"నాది గల్లీ గల్లీ చూపిస్తాది" అన్నాడు యుగంధర్.

"నాది ఏ లైన్‌లో ఉండాలో భీ చెప్తది మమ్మీజీ" అంది ఛాయ.

"అయితే రెండూ తెండి. రేపు రిసాలిలో పరబ్రహ్మం గారింటికి ఎల్లాల. రెండూ నన్ను ఒక్క చోటికే తీసుకెల్తే తగిలించుకుంటాను. లేకపోతే నా జోలికి రాకండి" అంది పిన్ని. తర్వాత నావైపు తిరిగింది. "ఒరే రాజగోపాలూ, నువ్వు ఎనకాల కూకో."

మర్నాడు చెరో చేతిలో ఓ ఫోను పట్టుకుని వెనక కూర్చున్నాను. బండిని పట్టుకోవడానికి నాకు చేతుల్లేవు. పిన్ని రెండింటి మాటా వినకుండా తనకు తోచిన సందులో దూరింది. యుగంధర్ ఫోను కిక్కురుమనకుండా కొత్త గీత గీసుకుంది. ఛాయ ఫోను మాత్రం ట్యూషన్ మాస్టారిలా ప్రతి మలుపులోనూ "యూ టర్న్ లీజియే" అని గద్దించింది. సిగ్నల్ దగ్గర పక్క బళ్లవాళ్లంతా నాకేసి చూశారు. నేను ఆకాశంలోకి చూశాను.

"దాన్ని నోరు ముయ్యమనరా."

"ఎలా ముయ్యాలో తెలీదు పిన్నీ."

రిసాలిలో పరబ్రహ్మం గారి వీధి మొగలో రెండు ఫోన్లూ కుడికి తిరగమన్నాయి. పిన్ని బండి ఆపింది.

"నువ్వు దిగి ఆటి మాట ఇను. నాను నా దారినెల్తాను."

నడిచాను. ఒక గేటు ముందు రెండూ ఒకేసారి, వచ్చేశామన్నాయి. పరబ్రహ్మం గారి ముందు గేటే, కానీ తాళం. నాలుగుసార్లు గట్టిగా పిలిచాను. ఎదురింటావిడ తలుపు తీసి నా చేతుల్లో ఫోన్లు చూసింది. "సిమ్ నహీ చాహియే భయ్యా" అని తలుపేసుకుంది. నేను సిమ్ములమ్మేవాణ్ణి కానని ఆ మూసిన తలుపుకే చెప్పుకున్నాను.

మా క్వార్టర్లలో ముందు గేటు శుభలేఖలు పంచేవాళ్లకే. తెలిసినవాళ్లంతా వెనక సందులోంచి పెరటి తలుపుకే వస్తారు. మోకాళ్లు పట్టేసిన పరబ్రహ్మం గారి మంచం ఆ తలుపు పక్కనే. నాకీ సంగతి తెలియక కాదు. ఫోన్ల వెంట పడి మరిచిపోయాను. చుట్టూ తిరిగి వెళ్లేసరికి సూది వెయ్యడం అయిపోయింది, పిన్ని టీ తాగుతోంది.

"ఏటి బాబూ, మా ఇల్లు దొరికిందేటి?" అన్నారు పరబ్రహ్మం గారు.

ఇంటికి రాగానే ఛాయ నన్నే అడిగింది. పిన్ని తరఫున ఓ అబద్ధం ఆడదామనుకున్నాను గానీ నోరు రాలేదు. "రెండూ ఒకే గేటు దగ్గర ఆగాయి" అన్నాను, చెప్పులు చూసుకుంటూ.

యుగంధర్ ఫోను బిగించే క్లిప్పు తీశాడు. "షరతు నువ్వే పెట్టావు మమ్మీ."

"ఎట్టాను. ఓడిపోనాను. అయితే ఏటి?"

"ఇది చీటింగ్ మమ్మీజీ!"

"అవునే" అంది పిన్ని హాయిగా. "మాట తప్పిన మనిషినని ఈదంతా చెప్పుకోండి. దారి తప్పిన సంగతీ చెప్పండి. గంటన్నర తిరిగాను, పదిమందిని అడిగాను, ఆ ఇల్లు పట్టుకుని సూది ఏసే వచ్చాను. ఫోను తగిలించుకోను. తాళం ఇయ్యను."

యుగంధర్ తాళం కోసం చెయ్యి చాపాడు. పిన్ని ఆ చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా పెట్టి హెల్మెట్ తగిలించుకుంది.

"మళ్లీ ఎక్కడికి?" అన్నాడు.

"ఉతై ఊరికి. కొత్త పేషెంటు."

"ఇల్లు తెలుసా?"

"తెల్దు" అని బండి స్టార్ట్ చేసింది.