మూత బిగించింది నేను

మా మేస్త్రి పోయాడు. సెలవు మీద జగిత్యాల వైపు సొంతూరికి వెళ్లి, అక్కడే నిద్రలో పోయాడు. కబురు మా ఫోన్ల గ్రూపులో పడగానే అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ‘దేవుడిలాంటి మనిషి’ అని ఒకడు రాశాడు. నాకు ఒళ్లు మండింది. దేవుడేంటి? గల్ఫ్‌లో మేం పనిచేసే ఈ కర్జకాన్‌లో ఆయన తిట్టని మనిషి లేడు. తిట్టిన నోటితోనే ‘తిన్నవారా’ అని అడిగేవాడు. రాస్తే అది రాయాలి.

కర్జకాన్‌లో మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, చిన్న ద్రాక్షతోట ఉంది. పండ్లు అమ్మగా మిగిలినవి పిసికి, రసం పీపాల్లో పులియబెట్టి సిర్కా చేస్తాం. వంటలో పులుపుకు వాడే వెనిగర్, అదే. కఫీల్, వాళ్లమ్మ, మేస్త్రి, నేను. అంతే మా కంపెనీ.

మేస్త్రి ఊళ్లో ఈతచెట్లు గీసి కల్లు తీసినవాడు. మోకాలు చెడితే చెట్టు దిగి విమానం ఎక్కాడు. ఇక్కడి ఖర్జూర చెట్లను చూసినప్పుడల్లా ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. “ఇన్ని చెట్లు, ఒక్కదానికన్న కల్లు లొట్టి లేదు. ఏం దేశమో ఇది” అనేవాడు.

పీపాల దగ్గర మాత్రం ఆయనదే రాజ్యం. పొద్దున్నే ఒక్కో పీపా మీద కట్టిన గుడ్డ విప్పి, వాసన చూసి, చెవి ఆనించి విని, కట్టెతో కలిపి మళ్లీ గుడ్డ కట్టేవాడు. ఒకసారి అత్తరు పూసుకొని వచ్చాడని కఫీల్‌నే బయటికి పంపాడు. “నీ వాసనకు నా పీప బెదురుతది. నడువ్ సేఠ్.” తెలుగులోనే అన్నాడు. కఫీల్ నడిచాడు.

నాకు చెప్పిన పాఠం ఒక్కటే. “ద్రాక్ష నుంచి సిర్కాకు పోయే తొవ్వల నడుమ ఒక ఊరొస్తదిరా. అండ్ల బస్సు దిగద్దు.” ఆ ఊరి పేరు వైన్. నమాజు తప్పని కఫీల్ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. పీపాకు గాలి ఆడితేనే రసం ఆ ఊరు దాటి పులుపెక్కుతుంది. గుడ్డ కట్టేది అందుకేనని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పోయిన ఎండాకాలం మోకాలు వాచి మేస్త్రి రెండు వారాలు గది దాటలేదు. ఈగల మీద కోపంతో నేను పెద్ద పీపా గుడ్డ పీకేసి, ప్లాస్టిక్ మూత బిగించి, చుట్టూ టేపు వేశాను. ఆయన కుంటుకుంటూ వచ్చేసరికి మూత పొట్టలా ఉబ్బి ఉంది.

“ఎవడు బిగించిండు?”

“నేనే కాకా. ఈగలు జొస్తున్నయ్.”

“ఈగలు మంచిగనే ఉన్నయ్‌రా. ఊపిరాడంది నీ వీసాకు.”

టేపు కోసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

“మస్తున్నది. గదే బాధ.”

అప్పుడే కఫీల్, పులుపు రుచి చూడ్డానికి గిన్నె పట్టుకొని వాళ్లమ్మ వచ్చారు. వైన్ వాసన వాళ్లకు గుమ్మంలోనే ఎదురెళ్లింది. “కిస్‌నే కియా?” అని అడిగాడు కఫీల్, ఎవరు చేశారని. మేస్త్రి తన ఛాతీ తట్టుకొని “మై” అన్నాడు.

కల్లు గీసినోడు, కావాలనే చేసి ఉంటాడని కఫీల్ నమ్మేశాడు. పీపా మొత్తం పారబోయించాడు. మేస్త్రిని పీపాల నుంచి తీసేసి కలుపు తీయమన్నాడు. ఆ వాచిన మోకాలితో సీజనంతా ఆయన ఇసుకలో కూర్చొని జరుగుతూ కలుపు తీశాడు. పీపాలు నాకిచ్చారు. నాకు! ఆయన తీగల కింద నుంచే అరిచేవాడు: “మెల్లగ కలుపు, నువ్వు రుద్దేది పప్పు కాదు.”

నిజం చెప్పేస్తానని ఎన్నిసార్లు అన్నానో.

“నోర్ముయ్. నన్నెట్లాగూ కల్లోడనే అంటరు, అది పాత పేరే. నీకింకా ఏ పేరూ రాలే. మొదటిదే గిట్లాంటిదెందుకు?”

ఆ మాట వినగానే బతికిపోయానని సంతోషపడ్డాను. ఇప్పుడు నా కోపమంతా ఆ సంతోషం మీదే.

కబురు వచ్చిన రోజే కఫీల్ దగ్గరికి వెళ్లాను. మూత బిగించింది నేను, పంపితే పంపు అన్నాను. ఆయన వాళ్లమ్మకు అరబీలో చెప్పాడు. ఆమె ఒక్క మాట అంది. కఫీల్ నాకు హిందీలో చెప్పాడు: “అమ్మకు అప్పుడే తెలుసు. ఆ మనిషి పీపాకు మూత పెట్టడని అప్పుడే అంది. నేనే వినలేదు.” నన్ను పనికి పొమ్మన్నాడు.

మా వైపు పోయినవాళ్ల పేరున నేల మీద కల్లు పోస్తారు. సాక పోయడం అంటారు. ఇక్కడ కల్లెక్కడ తేను? ఈ ఏడు చేసిన సిర్కానే గిన్నెలో ముంచుకొని వెళ్లి, ఆయన ఆఖరున కలుపు తీసిన వరస పక్కన పోశాను. మా తోటలోది సముద్రపు గవ్వల పొడి కలిసిన ఇసుక. సిర్కా పడగానే బుసబుసమని కల్లులా తెల్లగా నురగ లేచింది. నా వెనకే వచ్చిన కఫీల్ తల్లి, ఆ నురగ ఇసుకలో ఇంకిపోయేదాకా వంగి చూసి, తానూ పోయడానికి ఇంకో గిన్నె తెమ్మని చేత్తో సైగ చేసింది.