చేతికివ్వని నల్లరాయి

మిషిగన్‌లో ఆ యూనివర్సిటీ బేస్‌మెంట్ ల్యాబ్ మీద నాకు ఇప్పటికీ బెంగే. డెబ్భైల చివర్లో అక్కడ రాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఉద్యోగం నాది. స్పెయిన్ వాళ్ళు అడుగుపెట్టక ముందు మెక్సికోలో అగ్నిపర్వతాల నల్లగాజు రాయితో కత్తులు చేసుకునేవారు. ఏ నూతి నీళ్ళ రుచి ఆ నూతిదైనట్టు, ఏ కొండ రాయి గుణం ఆ కొండది. చిన్న ముక్క విరిచి ఇస్తే అది ఏ కొండదో చెప్పేవాణ్ణి.

ముక్కలు తెచ్చేది పురావస్తు శాస్త్రం ప్రొఫెసర్, అరవైకి దగ్గరపడ్డ అమెరికన్ ఆవిడ. ఆమె దగ్గర ఒక్క కత్తి మాత్రం విరగకుండా ఉండేది. వేలెడు పొడవు. వెలుతురుకి పట్టి చూస్తే పొగరంగు. పడుచుతనంలో ఒక చిన్న పల్లెలో తన చేత్తో తవ్వి తీశారట. ఆ పల్లెకు దూరప్రాంతాలతో వ్యాపారం ఉండేదని ఇరవై ఏళ్ళుగా ఆమె వాదన. దూరపు కొండ రాయితో చేసిందని ఆమె నమ్మిన ఆ కత్తే దానికి ఆధారం. "విరవడానికి మనసొప్పదు" అనేవారు. జవాబంటే భయమేమోనని నా అనుమానం.

ఒకరోజు దానికి ఫోటో తీశాక తిరిగివ్వబోతే ఆమె అరచెయ్యి చాపారు. మా అమ్మ ఉప్పూ కత్తీ ఎవరి చేతికీ ఇవ్వనిచ్చేది కాదు, ఇస్తే కయ్యం వస్తుందని. నాకలాంటి పట్టింపులు లేవని పదిమందిలో గొప్పలు పోయేవాణ్ణి. అయినా నా చెయ్యి నన్నడక్కుండానే కత్తిని బల్ల అంచున పెట్టింది. అది జారి సిమెంటు నేల మీద మూడు ముక్కలైంది.

తడబడుతూ అమ్మ ఆచారం చెప్పాను. ఆమె వంగి ముక్కలు ఏరుకుని, చిన్నది నా ముందు పెట్టి, "ఎలాగూ విరిగింది, టెస్ట్ చెయ్యి" అన్నారు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, "కిచెన్‌లో చాకు నా చేతికే ఇస్తారు, ల్యాబ్‌లో మాత్రం అత్తయ్యగారు గుర్తొచ్చారేంటండీ!" అంది. నవ్వలేకపోయాను.

ఆ రాయి పల్లె పక్క కొండదే. వేరే జవాబు వస్తుందేమోనని నాలుగుసార్లు చేశాను. కాగితం చూసి ఆమె చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అయితే ఇన్నేళ్ళూ తప్పే రాశాను" అన్నారు. ఆ మాటే తర్వాతి వ్యాసంలో అచ్చు వేయించారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

కొన్నేళ్ళకు ఆమె రిటైరయ్యారు. ల్యాబ్‌లో కేక్ కోసి, నన్ను కూడా ఒక ముక్క కోసుకోమన్నారు. చాకుని నా ముందు బల్ల మీద, అంచుకి బాగా దూరంగా పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మనిద్దరికీ కయ్యం వద్దు" అన్నారు నవ్వుతూ.

నా ముక్క కోసుకున్నాను. చాకు తిప్పి, పిడి ఆమె అరచేతిలో పెట్టాను.