కాలరక్క పది పాసైంది

“ఈ వయసులో పది పాసై ఎవర్ని ఉద్ధరిద్దామని?”

చొక్కాల ఫ్యాక్టరీలో ఫ్లోర్ మేనేజరు అడిగిన మాట ఇది. అడిగింది నలభైకి దగ్గరపడ్డ మనిషిని. రాత్రిబడికి వెళ్ళాలి, ఇకమీద సాయంత్రం ఓవర్‌టైం చెయ్యలేను అని చెప్పడానికి వచ్చి ఆమె నీళ్ళు నములుతోంది. జవాబు పక్క మిషను దగ్గర్నుంచి, ఆమె వదిన నోట వచ్చింది.

“మీ కుర్చీకే ఎసరు పెడదామని సార్. అయినా మీరేం కంగారుపడకండి, ముందు లెక్కలు గట్టెక్కాలిగా!”

ఫ్లోరంతా గొల్లుమంది. మేనేజరూ నవ్వక తప్పలేదు. నవ్వినవాడు వెంటనే కాదనలేడని వదినకు తెలుసు.

ఏళ్ళ తరబడి కాలర్లే కుట్టింది గనక ఆమె ఫ్యాక్టరీలో అందరికీ కాలరక్క. పక్క మిషను మీద చేతులకు వేసే కఫ్‌లు కుట్టేది ఆమె అన్న భార్య. “మెడ నీది, చెయ్యి నాది. మధ్యలో పొట్ట ఎవడిదో!” అని వదిన రోజూ అనేది, రోజూ కొత్తగా నవ్వేది. అన్న లారీ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక సైకిల్ షాపు మీదున్న ఆ రెండు గదుల ఇల్లు ఈ ఇద్దరు ఆడవాళ్ళ జీతాల మీదే నడుస్తోంది. కాలరక్క మొగుడు పెళ్ళైన మూడో ఏట తన దారి తాను చూసుకున్నాడు. అతని సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, మనమూ వదిలేద్దాం.

ఆమె చదువు ఏడో తరగతిలో ఆగింది. తల్లి మంచాన పడి ఇంటిపనికి ఒకరు కావలసి వచ్చినప్పుడు, అన్నని మాన్పించవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అన్న రెండేళ్ళ తర్వాత తొమ్మిది తప్పి తనంతట తనే మానేశాడు. ఒకరి చదువు బలిపెట్టి ఇంకొకరి చదువు నిలబెట్టారని చెప్పుకోవడానికి కూడా లేదు.

మరి ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకు? వదిన కళ్ళ కోసం.

వదినకు చూపు తగ్గుతోంది. సూదిలో దారం ఎక్కించమని మొదట వారానికోసారి అడిగేది, తర్వాత రోజూ. ఇంట్లో గడపకు తన్నుకుని, “ఇదెప్పుడొచ్చిందిక్కడికి?” అని గడపనే తిట్టేది. ఫ్యాక్టరీలో ఏటా కంటి పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే మిషను దించి దారాలు కత్తిరించే పనిలో వేస్తారు, జీతం సగమైపోతుంది. చెకింగ్ టేబుల్ దగ్గర మాత్రం జీతం దాదాపు రెట్టింపు. కుట్టిన చొక్కాలను దీపాల కింద పరిచి లోపాలు పట్టే పని అది. పది పాసైనవాళ్ళకే ఇస్తారు. ఎందుకలా అంటే, రూలు.

“ఏమే పిల్లా, నువ్వా టేబుల్ దగ్గర కూచున్న రోజు నేను మిషను దిగి ఆస్పత్రికి పోతా,” అంది వదిన. “అప్పటిదాకా నోరుమూసుకుని చదువు. నీ వాటా కాలర్లు ఆరు దాటాక నేను కుడతా.”

“నీకు కళ్ళే సరిగా కనపడవు కదా వదినా!”

“కుట్టేది చేతులే గానీ కళ్ళా? పోవే.”

రాత్రిబడి చిన్నపిల్లల బళ్ళో జరిగేది. బెంచీలు పొట్టివి. మోకాళ్ళు గెడ్డానికి తగిలేలా కూర్చుని, లిఫ్టు నడిపే మనిషీ బ్యాంకు వాచ్‌మనూ కాలరక్కా త్రిభుజాలు గీసేవాళ్ళు. లెక్కల మాస్టారు ఆమె కన్నా పదేళ్ళు చిన్న. “అమ్మా, ఇది నిన్నే చెప్పాను కదమ్మా,” అని అతను జాలిగా అన్న ప్రతిసారీ ఆమెకు భూమిలోకి కూరుకుపోవాలనిపించేది. జాలి పడకుండా నాలుగు తిట్టుంటే త్వరగా వచ్చేదేమో.

పగలు మిషను మీద పాఠాలు వల్లె వేసేది. వదినకు అక్షరం ముక్క రాదు గానీ చెవులు మాత్రం పాము చెవులు. నలభై మిషన్ల హోరులోనూ పట్టేసేది. కాలరక్క గుండె గదుల దగ్గర తడబడితే, “ఎడమ కర్ణిక, ఎడమ కర్ణిక!” అని పక్కనుంచి అరిచేది. దారం పోగులేరే ముసలావిడ ఎవరికో ఏదో అయిందనుకుని ఓసారి నీళ్ళు పట్టుకొచ్చింది.

మొదటిసారి లెక్కల్లో తప్పింది. పుస్తకాలు అటక మీదికి విసిరేసి, ఇక నా వల్ల కాదంది.

“బస్సు తప్పిపోయిందనుకో,” అంది వదిన. “ఇంకోటొస్తుంది. స్టాపులో నిలబడాలి గానీ ఇంటికెళ్ళి పడుకుంటే ఎట్లా?”

అటక ఎక్కి పుస్తకాలు తడుముకుంటూ దించింది కూడా తనే. పాసయ్యేదాకా టీలో పంచదార వేసుకోనని ఆ రోజే మొక్కుకుంది. దేవుడు ఆ పంచదార ఏం చేసుకుంటాడో గానీ, ఆ ఇంట్లో నమ్మకమన్నది ఎవరికైనా ఉందంటే అది ఆమెకే. అదీ దేవుడి మీద కొంచెమే, మిగతాదంతా ఆడపడుచు మీద.

ఆ యేడు కంటి పరీక్ష క్యాంటీన్లో పెట్టారు. గోడకు అక్షరాల అట్ట, పక్కన కర్ర పట్టుకుని ఒక కుర్రడాక్టరు. “నువ్వు నా ముందు నిలబడు. గట్టిగా, నెమ్మదిగా చదువు,” అని వదిన ముందురాత్రే చెప్పి ఉంచింది. కాలరక్క నిలబడింది. వరస తర్వాత వరస, ఒక్కో అక్షరమే, బళ్ళో పిల్లలకు చెప్పినట్టు విడగొట్టి చదివింది. వెనకాల వదిన పెదవులు కదులుతున్నాయి. తన వంతు రాగానే పై నుంచి కింది దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. కుర్రడాక్టరు మెచ్చుకుని, ఈ వయసులో ఇలాంటి చూపు అరుదన్నాడు.

బయటికొచ్చి ఇద్దరూ కుళాయి పట్టుకుని పడీ పడీ నవ్వారు. “నువ్వు చదువుతుంటే నేను పాసవుతున్నానే!” అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ.

మరుసటేడు కాలరక్క పాసైంది. లెక్కల్లో అత్తెసరు మార్కులు, అయినా పాసే. ఫ్యాక్టరీలో ఒక శాలువా కప్పి, మేనేజరు మైకు పట్టుకుని దైవభక్తి, పట్టుదల, ఆత్మవిశ్వాసం అంటూ చాలాసేపు మాట్లాడాడు. ఇలాంటి సభల్లో పట్టుదల కన్నా చవకైన మాట లేదు. రెండేళ్ళపాటు ఆరు దాటాక ఆ పట్టుదల వాటా కాలర్లు ఎవరు కుట్టారో ఆ ప్రసంగంలో లేదు. వదిన వెనక వరసలో కూర్చుని అందరూ ఆపాక కూడా చప్పట్లు కొడుతూనే ఉంది.

అనుకున్న ప్రకారం ఆమె అప్పుడే మిషను దిగాలి. కానీ టేబుల్ దగ్గర మొదటి ఆరు నెలలూ పాత జీతమేనన్నారు. “ఇంకో ఆర్నెల్లు లాగేద్దాం వదినా,” అంది కాలరక్క. ఆ మాట అన్నది కాలరక్కే, వదిన కాదు. వదిన, “నువ్వెలా అంటే అలాగే,” అంది.

రెండో నెలకే కఫ్‌లు దారి తప్పడం మొదలైంది. కుట్టు అంచు వదిలి లోపలికి పాకేది, ఒక్కోసారి బొత్తాం కాజా మీదికి ఎక్కేది. చెకింగ్ టేబుల్ దగ్గర కాలరక్క వాటిని చూసింది. కొన్నిటిని విప్పి, భోజనం వేళలో తనే కుట్టింది. కొన్నిటిని మడిచి మంచివాటి మధ్యలో పెట్టి పంపేసింది. అయిదో నెలలో ఒక పెద్ద సరుకు వెనక్కి వచ్చింది.

మేనేజరు ఆమెను ఫ్లోరు మధ్యలోకి పిలిచాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

“ఇవి చూడలేదా, చూసి వదిలేశావా?”

చూడలేదంటే పనికిరాని మనిషి, వదిలేశానంటే దొంగ. ఏదన్నా కుర్చీ పోతుంది. కుర్చీ పోతే ఇల్లే పోతుంది. ఇంకో నెల ఆగితే పెద్ద జీతం. ఇవన్నీ ఆమె బుర్రలో ఒక్కసారిగా తిరిగాయి. లెక్కలు రావని ఏడ్చిన మనిషి ఈ లెక్క మాత్రం చటుక్కున చేసింది.

“కుట్టేవాళ్ళకి కళ్ళు కనపడవు సార్.”

నిజమే చెప్పింది. తప్పని ఎవరనగలరు? వదిన తల ఎత్తి గొంతు వచ్చిన వైపు చూసింది. ఎంత వెతికినా ఆడపడుచు మొహం ఎక్కడుందో ఆమెకు దొరకలేదు. లేచి, మిషను మీద గుడ్డ కప్పి, వరసల మధ్య నుంచి బల్లలు తడుముకుంటూ నడిచింది. పట్టుకుని నడిపించడానికి కాలరక్క వెళ్ళలేదు. వెళ్తే ఏమవుతుందోనని అప్పుడు భయపడింది. ఇప్పుడు అడిగితే దేనికి భయపడిందో చెప్పలేకపోతోంది.

పెద్దాస్పత్రిలో డాక్టరు, కంటినరం ఎండిపోయిందన్నాడు. రెండేళ్ళ కింద వచ్చుంటే ఉన్న చూపు నిలబెట్టేవాళ్ళమని, ఏటా ఫ్యాక్టరీలో పరీక్షలు చేస్తారు కదా, ఎలా బయటపడలేదని అడిగాడు.

ఇంటికొచ్చాక అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాలరక్క వదిన కాళ్ళ దగ్గర కూలబడింది.

“నన్ను తిట్టు వదినా.”

“ఎందుకే తిట్టడం? ఉన్న మాటే అన్నావు.” గోడకు జారగిలబడింది. “ముందే నా చెవిలో వేసుంటే నేనే లేచి చెప్పేదాన్ని కదే. నలుగురిలో నీ నోటితో అనిపించుకోవాలా?”

అంతకు మించి ఆ సంగతి మీద వదిన ఒక్క మాట అనలేదు. మిగతావీ తగ్గించింది. పిల్లా అని పిలవడం మానేసింది, పేరు పెట్టీ పిలవదు. అన్నం వడ్డిస్తే కంచం దగ్గరికి లాక్కుంటుంది, ఏం కూరని అడగదు. కాలరక్క రోజూ ఫ్యాక్టరీ కబుర్లు చెబుతుంది, కావాలని నవ్వొచ్చేవే ఏరుకుని. వదిన వింటుంది.

కాలరక్కకు కొత్త జీతం మొదలైంది. వదినకు రావలసిన ఆఖరి నెల జీతాన్ని వెనక్కొచ్చిన సరుకు కింద కంపెనీ పట్టుకుంది, ఇంకా ఇవ్వలేదు.