క్లారినెట్ ఆయన కొత్త పళ్ళు

పక్క సీటాయన గాలిని కొరుకుతున్నాడు.

బస్సు వంతెన మీద ఆగిపోయి ఇరవై నిమిషాలైంది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందని ఒకరు, కాదు రెండు కార్లు గుద్దుకున్నాయని ఇంకొకరు. నాకు తొందరేమీ లేదు. సాయంత్రం ఆరింటికి ఇంకో బస్సు, అది ఎటు తీసుకెళ్తే అటు. ఆయన సంగతి అలా లేదు. అరవై దాటిన మనిషి, ఒళ్ళో అడ్డంగా నల్లపెట్టె. నిమిషానికోసారి గడియారం చూసుకుంటాడు. నోరు కొంచెం తెరిచి పై పళ్ళు కిందికి దించుతాడు, కనిపించని పుల్లనేదో పట్టుకున్నట్టు ఒక క్షణం బిగబడతాడు, వదిలేస్తాడు. మళ్ళీ మొదలు.

ఊరుకోలేక అడిగాను. "పంటి నొప్పా?"

"నొప్పయితే సంతోషించేవాణ్ణి." 'స' దగ్గర సన్నటి ఈల వచ్చింది. ఆయన మొహం చిట్లించుకున్నాడు. "విన్నారా? పైవరసంతా కట్టుడు పళ్ళు. పెట్టించి వారమైంది."

"అలవాటు పడతారు లెండి. అందరికీ కొంచెం టైము పడుతుంది."

"నాకు నాలుగింటిదాకా ఉంది టైము," అన్నాడు.

అప్పుడు రెండూ ఇరవై.

పెట్టెలో ఉన్నది క్లారినెట్. ఒక నాటక సంస్థలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రంగస్థలం ముందు గుంటలో కూర్చుని అది వాయిస్తున్నాడు. ఒకప్పుడు ఆ గుంటలో తొమ్మిది మంది. డోలు ముందు పోయింది, తర్వాత వయొలిన్లు రెండూ ఒకేసారి పోయాయి. అన్నిటి బదులూ ఒక కీబోర్డు వచ్చింది, దాని వెనక చెవుల్లో వైర్లు పెట్టుకున్న ఒక కుర్రాడు. మిగిలింది ఈయన ఒక్కడే, అదీ ఒక్క రంగం కోసం. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళబోయే ఒకావిడ బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటుంది. నాలుగు నిమిషాలపాటు మాటుండదు, క్లారినెట్ మాత్రమే. ఆ బాణీ కట్టింది కూడా ఈయనే.

"దర్శకుడు మంచివాడే. 'నాలుగింటికి రిహార్సల్ మాస్టారూ, మీరు వాయించగలిగితే మీరే. లేదంటే కీబోర్డులో క్లారినెట్ గొంతు ఎలాగూ ఉంది. తప్పుగా అనుకోకండి' అన్నాడు. మనుషులు 'తప్పుగా అనుకోకండి' అన్నారంటే ఏం చేయబోతున్నారో తెలుసు కదా?"

"తెలుసు. నన్ను చాలామంది అన్నారు ఆ మాట."

"మీకేమైనా పనుందా ఇప్పుడు?"

"ఆరింటిదాకా లేదు."

"అయితే రండి నాతో. పళ్ళ డాక్టరు దగ్గరికి. వినడానికి నాకు బయటి చెవి ఒకటి కావాలి. ఊదితే ఈ పళ్ళు నా పుర్రెలో మోగుతున్నాయి. నేను వాయించేది నాకే వినపడి చావట్లేదు."

అంటూనే లేచి తలుపు దగ్గరికి నడిచాడు. కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "వంతెన మీద స్టాపు లేదండీ."

"బస్సుకు లేదు నాయనా, నాకుంది."

దిగి నడిచాం. వంతెన పొడవునా హారన్లు. ఆయన వాటిని వింటున్నాడో తిడుతున్నాడో తెలీకుండా ఉంది. "ఆ పసుపు కారుది నిషాదం. ఈ ఆటోది దానికి వెంట్రుకవాసి కింద. రెండూ కలిసి వినపడితే ఇదివరకు నా పళ్ళు పులిసేవి. ఇప్పుడు ఆ సుఖం కూడా లేదు."

నేను చదివిన పుస్తకాల్లో కళాకారుల కష్టాలకు లోటు లేదు. ప్రేమ విఫలమైనవాళ్ళు, తాగుడుకు బలైనవాళ్ళు, ఏలినవారి కోపానికి గురైనవాళ్ళు. పైవరస పళ్ళు పోయినందుకు అల్లాడినవాడు మాత్రం ఒక్కడూ తగల్లేదు. రాసేవాళ్ళకు పళ్ళతో పనిలేదు కాబోలు. వేళ్ళు పోతే రాసేవారేమో.

వంతెన మెట్లు దిగుతూ, బాణీ ఎలా పుట్టిందని అడిగాను. అలా అడగడం నా దుర్గుణం.

"ఎలా పుడుతుందండీ, విసుగులోంచి పుట్టింది," అన్నాడు. "మా పై వాటాలో ఒకాయన రోజూ తెల్లారుజామున కుర్చీ ఈడుస్తాడు. ఎత్తి పెట్టొచ్చు కదా? ఊహూఁ, ఈడుస్తాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి. మూడేళ్ళు భరించా. ఒకరోజు ఇంక తాడోపేడో తేల్చుకుందామని బనీనుతోనే మెట్లెక్కా. సగం మెట్లలో ఉండగా మళ్ళీ ఈడ్చాడు. ఆ చప్పుడు కింద నుంచి మూలుగుతూ పైకి పోయి, అందుకోబోయి, తెగిపోయింది. అక్కడే నిలబడిపోయా. వెనక్కొచ్చి కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నా. తిట్టడం ఇప్పటికీ బాకీనే."

"ఆయనకు తెలుసా?"

"తెలిస్తే ఇంకా ఈడుస్తాడు."

ఇంతలో ఫోను మోగింది. ఆయన చెవికి దూరంగా పట్టుకున్నాడు. భార్య గొంతు నాక్కూడా స్పష్టంగా వినిపించింది.

"ఏమండీ, ఎక్కడున్నారు? తిన్నారా?"

"డాక్టరు దగ్గరికి వెళ్తున్నా."

"మళ్ళీనా! ఆ పళ్ళు తినడానికండీ, కర్ర కొరకడానికి కాదు. పెళ్ళిలో కూడా ఇంత చక్కని పలువరస లేదు మీకు. ఇప్పటికి వచ్చింది. ఆ డాక్టరమ్మ చేత అరగదీయించి పాడుచేసుకుని ఇంటికి రాకండి."

"నా ఉద్యోగమా, నా పలువరసా..."

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టుంది మీ వరస. సరే, రిహార్సల్ అయ్యాక ఫోను చేయండి. ఏదైనా సరే, చేయండి." చివరి మాట దగ్గర గొంతు తగ్గింది.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, అడుగు వేగం పెంచాడు. నాకు ఆయాసం వచ్చింది.

ఆస్పత్రి రంగుల దుకాణం పై అంతస్తులో ఉంది. అయిదు కుర్చీలు, గోడ మీద పళ్ళ బొమ్మ, ఒక చెంప ఉబ్బి రుమాలు అదిమిపెట్టుకున్న మనిషి. డాక్టరు ఆయనకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఆయన్ని చూసి నిట్టూర్చింది.

"మాస్టారూ, నిన్ననే కదా వచ్చారు?"

"నిన్న చేతులూపుకుంటూ వచ్చా డాక్టరమ్మా. ఇవాళ దీన్ని తెచ్చా." పెట్టె తెరిచి ముక్కలు బిగించాడు. కొసన నోట్లో పెట్టుకునే ముక్క తిప్పి ఆమెకు చూపించాడు. పైభాగంలో, పళ్ళు ఆనేచోట, గోటితో గీరినట్టు రెండు గుంటలు. ఒకటి లోతు, ఒకటి పైపైన.

"ఇవేంటి?"

"నా పళ్ళు. పాతవి. నలభై ఏళ్ళు అక్కడ ఆన్చితే పడిన గాడి. కుడి పన్ను కొంచెం పొడుగు, అందుకే అటువైపు లోతు. మీరు పెట్టినవి రెండూ సమానం. గాడిలో కూర్చోవు, జారతాయి. జారితే కీచుమంటుంది."

డాక్టరు నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ సంగతి కొలతలు తీసుకున్న రోజు చెప్పొద్దా? ఇది నోట్లో పెట్టి కొలత తీసేదాన్ని కదా!"

ఆయన తల దించుకున్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఆయన మొట్టమొదట చెప్పే మాట, 'పెట్టె లేకుండా నా ఎదుటికి రావద్దు' అన్నదేనట. తనే పెట్టె ఇంట్లో వదిలేసి కొలతలకు వెళ్ళాడు. ఎందుకంటే, ఆ పెట్టె చూసినవాళ్ళెవరూ ఊరుకోరు. బ్యాంకులో, రైల్లో, చివరికి ఎవరో పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళినా, 'ఏదీ మాస్టారూ, ఒక ముక్క వాయించండి' అంటారు. దర్జీని 'ఏదీ, ఒక గుండీ కుట్టండి' అని ఎవరూ అడగరు. ఆ బాధ పడలేక చేతులూపుకుంటూ వెళ్ళి, నోరు మూసుకోమంటే బుద్ధిగా మూసుకుని కొలతలిచ్చాడు. ఆ మూసుకున్న నోటికి సరిపోయే పళ్ళే వచ్చాయి.

"పాటగాడా అండీ?" అన్నాడు చెంప ఉబ్బినాయన రుమాలు చాటు నుంచి. "ఒక ముక్క వాయించండి సార్, నొప్పి తెలీకుండా ఉంటుంది."

ఆయన నావైపు చూశాడు. చూశారా, అన్నట్టు.

తర్వాత జరిగినలాంటి పని నేనింతకుముందు ఎక్కడా చూడలేదు. డాక్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెడకు పచ్చబట్ట కట్టింది. క్లారినెట్ కొసకూ పళ్ళకూ మధ్య నీలం కాగితం పెట్టి "కొరకండి" అంది. రంగు అంటుకున్నచోట చూసి, పళ్ళు బయటికి తీయించి, చిన్న మోటారుతో జుయ్యిమని అరగదీసింది. కాలిన వాసన వచ్చింది. మళ్ళీ పెట్టించింది. ఊదాడు. కీచు. మళ్ళీ కాగితం, మళ్ళీ మోటారు. మూడోసారికి గంట మూడు దాటింది.

ఒకప్పుడు ఒక దర్జీ కత్తెర చూశాను. బొటనవేలు ఆనేచోట ఇనుము పల్లంగా అరిగిపోయి ఉంది. ఆయన తర్వాత ఆ దుకాణంలో ఎవరికీ ఆ కత్తెర చేతికి ఇమడలేదు. దాన్ని పారేయలేకా వాడలేకా మేకుకు వేలాడదీశారు. ఇలా చెప్పుకుంటూ పోతే నేను ఆ దుకాణంలోనే ఉండిపోతాను. మళ్ళీ ఆస్పత్రికి వద్దాం.

మూడోసారి పళ్ళు గాడిలో సరిగ్గా కూర్చున్నాయి. టక్కుమని కూడా వినిపించింది. ఆయన కళ్ళు మెరిశాయి. శ్వాస తీసి ఊదాడు. రెండు స్వరాలు బాగా వచ్చాయి, మూడోదానికి పళ్ళ సెట్టంతా పైకి లేచింది. ఆయన "అబ్బా!" అని చెంప పట్టుకున్నాడు.

డాక్టరు లైటు వేసి నోట్లోకి చూసింది. "ముందు చిగుళ్ళకు పుండు పడింది మాస్టారూ. వారం రోజులుగా నొక్కి నొక్కి చీరేసుకున్నారు. ఇంక నేను అరగదీయను. ఇంకొక్క గీటు పడితే ఈ పన్ను విరుగుతుంది. నెల రోజులు దీన్ని ముట్టుకోకండి."

"నెలా?"

"పోనీ మూడు వారాలు."

ఆయన గోడ గడియారం చూశాడు. మూడూ పది. కుర్చీ దిగలేదు. కీబోర్డు కుర్రాడి గురించి ఏదో గొణిగాడు, కుర్రాడు మంచివాడనీ, తప్పు వాడిది కాదనీ. చూపుడువేలు మాత్రం క్లారినెట్ మీద ఒకే చిల్లును మూస్తూ తెరుస్తూ ఉంది.

అంతలో, అలవాటు చొప్పున, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. పన్ను తగలగానే నొప్పికి పై పెదవి తనంతట తానే లోపలికి ముడుచుకుంది. పంటికీ ముక్కకూ మధ్య అడ్డంపడింది. అలాగే ఊదాడు.

అది కీచు కాదు. వెడల్పుగా, కొంచెం తడిగా, అంచు లేని శబ్దం. కింద నుంచి మెల్లగా పైకి పాకింది.

ఆయన ఆపేసి క్లారినెట్‌ను అనుమానంగా చూశాడు. "ఇది తప్పు," అన్నాడు నాతో. "కొత్తవాళ్ళు చేసే పని. పై పెదవి లోపలికి పెట్టానని మా గురువు మూతి మీద కొట్టాడు. మొదటి వారంలోనే మానిపించాడు. నేను కూడా ఎంతమందిని తిట్టానో."

"ఇప్పుడు నొప్పి పుట్టిందా?" అంది డాక్టరు.

"లేదు."

"సెట్టు లేచిందా?"

"లేదు." మళ్ళీ ఊదాడు. ఈసారి బాణీ మొదటినుంచి. ఇల్లు ఖాళీ చేసే ఆవిడ బట్టల బాణీ. నాకు సంగీతం చెప్పేంత తెలీదు. అయితే బయటి చెవిగా వచ్చాను కనుక విన్నది చెబుతాను. పైకి పోయేచోట శబ్దం గట్టిగా నిలబడలేదు. చీకట్లో మెట్టు కోసం కాలు చాపినట్టు తడుముకుంది. మోటారు పక్కన పెట్టి డాక్టరు కూడా వింటోంది. చెంపాయన రుమాలు తీసేశాడు. కొంతసేపటికి పెదవి వణకడం మొదలుపెట్టింది, శబ్దం చీలి ఆగిపోయింది.

"మూడు నిమిషాల పది సెకన్లు," అంది డాక్టరు చేతి గడియారం చూస్తూ. ఎవరూ అడక్కుండానే లెక్కపెట్టింది.

"నాలుగు కావాలి. ఈ పెదవికి బలం లేదు. నలభై ఏళ్ళుగా ఊరికే కూర్చుంది కదా మహారాణి." పెదవిని వేళ్ళతో పిసుక్కున్నాడు. "నాటకంలో ఆవిణ్ణి కాస్త తొందరగా మడతపెట్టమంటే?"

"చీరలు రెండు తగ్గించమనండి," అంది డాక్టరు.

ఆయన నవ్వలేదు. నావైపు తిరిగాడు. "చెప్పండి. ఎలా ఉంది?"

"వణుకుతోంది," అన్నాను.

"వణుకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది. ఆవిడ ఇల్లు వదిలిపెట్టి పోతోందన్నారు కదా. ఆవిడ చేతులు వణకవా?"

ఆయన నన్ను చూస్తున్నాడు కానీ చూపు నా మీద లేదు. పెదవులు కదులుతున్నాయి. ఊపిరి ఎక్కడ తీయాలో, పెదవికి ఎక్కడ అర సెకను సెలవివ్వాలో లెక్క వేసుకుంటున్నాడు. "ఇక్కడ ఆపి... కాదు, ఆవిడ పెట్టె మూసేటప్పుడు..." అన్నాడు, మాకెవరికీ కాదు. కుర్చీ దిగాడు. ఖాళీ పెట్టె చంకన పెట్టుకున్నాడు. బిగించిన క్లారినెట్ బిగించినట్టే చేతిలో ఉంది.

"మాస్టారూ, మెడలో బట్ట!" అంది డాక్టరు.

అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. రంగుల దుకాణం ముందు నుంచి రోడ్డు దాటుతున్నాడు. ఛాతీ మీద పచ్చబట్ట ఎగురుతోంది, పై పెదవి లోపలికి మడిచి ఉంది. ఆయన అడ్డొచ్చేసరికి స్కూటరు ఒకటి సడెన్ బ్రేకు వేసి హారను మోగించింది. తలైనా తిప్పలేదు. వేళ్ళు మాత్రం క్లారినెట్ చిల్లుల మీద ఆడుతూనే ఉన్నాయి, మలుపు తిరిగేదాకా.