‘ఊ’ కోసం ఆగిన టేపు

మా ముత్తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. తాత పోలీసు పటేలు. మా ఊరు అత్వెల్లిలో ఆయన ఎదురైతే సైకిల్ దిగనివాడు లేడు. నాయిన కాలంలో ఆ పదవులే రద్దయ్యాయి. నా వంతుకు ‘పటేలా’ అన్న పిలుపు మిగిలింది.

తొంభైల చివర్లో మేడ్చల్ కొత్త కాలనీ నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. కోస్తా మనిషి, బ్యాంకు ఉద్యోగి భార్య. శామీర్‌పేటలో చూపులేని పిల్లల హాస్టల్ ఉందట. వాళ్ళకు కథలు చదివి క్యాసెట్ చేసిపెట్టాలట. జాగా బేరానికే వచ్చిందేమోనని, ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ మా పెరటి వైపు ఎన్నిసార్లు చూస్తుందా అని గమనించాను.

“నేను చదివితే పిల్లలు నవ్వుతున్నారండీ. మీరైతే వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పినట్టుంటుంది.”

“అంటె మా మాట మీకు నవ్వులాటనా?”

“అయ్యో, వాళ్ళు నవ్వేది నా మాటకండీ!”

నమ్మలేదు. అయినా ఒప్పుకున్నాను. కాదంటే పటేలుకు చదువు రాదనుకుంటుంది.

మా అవ్వ కథ చెబితే మేం ఊ కొడుతూ ఉండాలి. కొట్టకపోతే అక్కడే ఆపేసి అటు తిరిగి పడుకునేది. నాకు తెలిసిన పద్ధతి అదే. ఒక వాక్యం చదివి ఆగాను. ఇంకోటి చదివి ఆగాను. క్యాసెట్ అంతా అలాగే చదివాను.

అది విని ఆవిడ నొసలు చిట్లించింది. “మధ్యలో ఈ ఖాళీలేంటండీ? టేపు పాడైందనుకున్నాను.”

“ఊ కొట్టొద్దా మరి?”

“టేపుకా?” నవ్వు ఆపుకుంది. “మా ఇంట్లో రెండు టేపుల సెట్టుందండీ. మావారు ఖాళీలన్నీ తీసేస్తారులెండి.”

“తీసేది లేదు. ఉన్నదున్నట్టు వినిపిస్తనంటెనే తీస్కపో.”

“అలాగేనండీ” అంది. మరీ తొందరగా అంది. ఆ తొందరే నాకు నచ్చలేదు. నా గొంతును ముక్కలు చేస్తారా? అసలు పిల్లలంటూ ఉన్నారా? తేల్చుకుందామని ఎవరికీ చెప్పకుండా శామీర్‌పేట వెళ్ళాను.

హాస్టల్ వరండాలో అడుగు పెట్టేసరికి లోపల నా గొంతు వినిపించింది. ఒక వాక్యం చదివి ఆగింది. “ఊఁ!” అన్నారు పిల్లలంతా. మళ్ళీ చదివింది, మళ్ళీ ఆగింది. ఒక పిల్ల కునికిపాట్లు పడుతుంటే పక్కపిల్ల తడిమి గిల్లింది. “ఊ కొట్టవే! లేకుంటె తాత ఆపేస్తడు!”

నేను వస్తానని ఎవరైనా ముందే చెప్పి, ఇదంతా నేర్పించారేమోననిపించింది. గుమ్మంలో బియ్యం ఏరుతున్న వంటామెను అడిగాను.

“నువ్వెవరో నాకేమెర్క? ఓ, గా టేపు తాతవా! మెల్లగ మాట్లాడు, పోరలు గొంతు గుర్తువడ్తరు. ఇగ ఇడ్వరు నిన్ను.”

అప్పటికే ఆలస్యమైంది. గిల్లిన పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఐతారం నువ్వే వచ్చి చెప్పు తాతా. టేపు మేము ఊ కొట్టకున్నా చెప్పుకుంట వోతాంది. మస్తు మోసం!”

ఆదివారం మేడ్చల్ బస్టాండులో శామీర్‌పేట బస్సు కోసం అందరితోపాటు నిలబడ్డాను. మా జీపును నాయిన ఉండగానే అమ్మేశాం.