టిబెటన్ సెట్‌లో తొమ్మిది సంపుటాలు

ఇలా వచ్చి కూర్చో మేఘనా. ఆ ఫోన్ పక్కన పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు టైప్ చెయ్యి, నీ సొంత కవిత్వం కలపకు.

డెబ్బైలలో, న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నన్ను కేటలాగర్‌గా వేసుకున్నారు. అంటే వచ్చిన ప్రతి పుస్తకం తిరగేసి, అదేమిటో, ఎవరిదో, ఎన్ని సంపుటాలో కార్డు మీద ఎక్కించే మనిషిని. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. తెలుగు, హిందీ, సంస్కృతం నా బల్లకి వచ్చేవి. టిబెటన్ చూసేవాళ్ళు లేరు. అవీ ఇండియా నుంచే వస్తున్నాయి కదా అని నా నెత్తినే పెట్టారు.

వాటిని ఢిల్లీలో ఒక టిబెటన్ పెద్దాయన అచ్చు వేసేవారు. దేశం వదిలి వచ్చిన మనిషి. శరణార్థులు మఠాల నుంచి మూటగట్టి మోసుకొచ్చిన గ్రంథాలు అడిగి తెచ్చుకుని, పేజీ పేజీ ఫొటో తీయించేవారు. కొన్నిటికి ఆ మూటలో ఉన్న ప్రతి తప్ప ఇంకోటి లేదు.

అలా ఒక పెద్ద సెట్ నేను చేరకముందే వచ్చి ఉంది. సంపుటాలకి అంకెలు లేవు, అక్షరాలున్నాయి. అట్టల మీద ఆ అక్షరాల్ని ఇంగ్లీషులో రాసిన చీటీలు. నాకు ముందున్నావిడ ఏ బీ సీ డీల వరసలో సర్దింది. బ మొదట, క మధ్యలో! ఇవి మన అక్షరాలే కదా అని నవ్వుకుని, క ఖ గ అని మార్చేశాను. మార్చాక చూస్తే ఏముంది! గ తరవాత ఘ లేదు, ఏకంగా ఙ ఉంది.

"అమ్మమ్మా, వాట్ ఈజ్ ఙ?"

"దాంతో మన ఇంట్లో ఎవరికీ పని పడలేదులే. కీబోర్డులో ఉంటుంది, వెతుకు."

ఝ లేదు. ధ, భ లేవు. ట నుంచి ణ దాకా ఐదూ లేవు. క నుంచి మ దాకా పాతికలో తొమ్మిది గల్లంతు.

రాని సంపుటాల కోసం రాసే ఉత్తరాన్ని క్లెయిమ్ అంటారు. టైప్ చేసి మా సూపర్‌వైజర్ మిసెస్ కార్టర్‌కి చూపించాను. జవాబు వచ్చేదాకా ఆ ఢిల్లీ పెద్దాయన పుస్తకాలేవీ ఇక కొనబోమని కూడా రాయమంది. రాసి, కవరు అంటించి మెయిల్ రూమ్‌కి పంపేశాను. ఎంత తప్పు పట్టానో అని ఒకటే సంబరం నాకు.

ఆ మధ్యాహ్నమే మా యూనివర్సిటీలో టిబెటన్ చెప్పే ప్రొఫెసర్ గారు వచ్చారు. టిబెటన్ చదువుని ఈ దేశంలో మొదలుపెట్టిన కొద్దిమందిలో ఆయనొకరు. శరణార్థుల మధ్య ఇల్లిల్లూ తిరిగి, ఎవరి దగ్గర ఏ గ్రంథముందో నోటుబుక్కులో రాసుకుని ఢిల్లీ పెద్దాయనకి అందించింది ఈయనే. తొమ్మిది తక్కువని చెప్పాను. ఏవేవన్నారు. ఘ, ఝ, ట, ఠ అని గడగడా అప్పజెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి నవ్వారు.

"అవి పోలేదు శారదా. వాళ్ళ అక్షరమాలలోనే లేవు!"

మొదటి సంపుటంలో విషయసూచిక తెరిచి చూపించారు. మొత్తం పదహారే.

నాకు నవ్వు రాలేదు. ఉత్తరం! కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెయిల్ రూమ్‌కి పరిగెత్తాను. సంచి మూతి కడుతున్నాడు అక్కడి మనిషి. "ఏమ్మా, ప్రేమలేఖా?" అంటూ గుట్టంతా వెతికి నా కవరు తీసిచ్చాడు. అమ్మయ్య అని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. పోయిన దేశంలోంచి పుస్తకాలైనా మిగలాలని పాటుపడే మనిషి, నా మూలంగా ఇక్కడ దొంగ అయిపోయేవాడు.

మిసెస్ కార్టర్‌కి దాచకుండా చెప్పాను. కవరు చింపేసి, టిబెటన్ వాళ్ళ ముప్పై అక్షరాలూ వరసగా టైప్ చేసి నా బల్ల ముందు అతికించుకోమంది. అంతే.

దీన్లో నేను నేర్చుకున్నది ఒకటి. బొత్తిగా తెలియని లిపి దగ్గర జాగ్రత్తగానే ఉంటాం. మనదిలా కనిపించే దాని దగ్గరే పప్పులో కాలేస్తాం. ఆ తరవాత ఏ సెట్‌లోనైనా ఫలానా సంపుటం లేదని రాసేముందు, అసలది ఉండాలా అని ఆ భాష వాళ్ళని అడిగి, అప్పుడు గానీ రాసేదాన్ని కా—

"అమ్మా! దోసె చల్లారిపోతోంది, ఇద్దరూ రండి!"